భాగానికి రాని కుక్క

ముందే చెప్పేస్తాను, ఇది కుక్క మీద ప్రేమతో మొదలుపెట్టిన పని కాదు. చెవులు పోతున్నాయని మొదలుపెట్టాను. ఆ ఎండాకాలం ఉగాది వెళ్లిన మూడో రోజు నుంచి మా నల్ల కుక్క కర్రోడు ఏడవడం మొదలుపెట్టింది. మొరగడం కాదు, ఏడుపే. మిట్టమధ్యాహ్నం రేకుల కింద నీడలో పడుకుని, కుడి ముందుకాలు నేలకు తగలకుండా పెట్టుకుని, తలుపు సందులో వేలు నలిగిన పిల్లలా సాగదీసి ఏడ్చేది. మా ఇంట్లో వినపడేది. గోడవతల మా బావ ఇంట్లోనూ వినపడేది. రెండిళ్లలోనూ టీవీ సౌండు పెంచుకునేవాళ్లు.

మాది ముద్దనూరు దాటాక పులివెందుల రోడ్డు నుంచి లోపలికి వెళ్లే ఊరు. చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, నీళ్లు పడితే పడే బోర్లు. నా మొగుడు రాజశేఖర్, వాళ్లన్న నారాయణ వేరుపడి అప్పటికి రెండేళ్లు. మా వైపు పంపకానికి ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు భాగాలు పెట్టాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. పెట్టేవాడు మోసం చేయకుండా పెద్దలు కనిపెట్టిన కిటుకు అది. ఆ రోజు వాకిట్లో రెండు కుప్పలు వేశారు. గునపాలు, గంగాళాలు, మంచాలు, మోకులు అన్నీ పంచారు. రోలు ఒక కుప్పలో పడింది, పొత్రం ఇంకో కుప్పలో పడింది. కర్రోడు ఆ రెండు కుప్పల మధ్య పడుకుని నిద్రపోయింది. దాన్ని ఏ కుప్పలో వెయ్యాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

తర్వాత వాకిలికి అడ్డంగా ఇటుక గోడ లేచింది. వాననీళ్లు పోవడానికి గోడ కింద ఒక తూము వదిలారు. కర్రోడు ఆ తూములో దూరి పొద్దున మా ఇంట్లో తినేది, సాయంత్రం వాళ్లింట్లో తినేది. మనుషులం మాత్రం చీనీ తోట మీద జమ్మలమడుగు కోర్టులో కేసు వేసుకుని, వాయిదాలకు వేరువేరు బస్సుల్లో పోయేవాళ్లం. ఎక్కిన బస్సులో రెండోవాళ్లు కనిపిస్తే దిగిపోయేవాళ్లం కూడా.

కాలు వాచాక కుక్క తూములో పట్టలేదు. అలా ఆ వేసవికి అది మా వైపు చిక్కుబడిపోయింది.

ముల్లు దిగి ఉంటుందన్నాడు నా మొగుడు. పసుపు పెట్టి కట్టాను. వాపు తగ్గకపోగా రాయిలా గట్టిపడింది. పదిహేను రోజులు చూసి, ఆయన్ని అడగకుండా ఆటో మాట్లాడుకుని, గోనెసంచి పరిచి దాన్ని ప్రొద్దుటూరు తీసుకుపోయాను. దారిలో గుంత వచ్చినప్పుడల్లా అది అరిచింది, డ్రైవరు నన్ను తిట్టాడు, నేను డ్రైవర్ని తిట్టాను.

డాక్టర్ ఫరహత్ క్లినిక్ బస్టాండు వెనక సందులో ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయి ఆమెకు, ఊరికే నవ్వే మనిషి కాదు. ఎక్స్‌రే తీసి లైటు ముందు పెట్టి చూపించింది.

"ఇక్కడ ఎముక చూడండమ్మా. చెదలు తిన్న వాసంలా ఉంది. క్యాన్సర్. కాలు తీసేద్దామా అంటే ఊపిరితిత్తుల్లోకి కూడా పోయింది. ఈ తెల్ల చుక్కలన్నీ అవే."

"ఎన్నాళ్లుంటాది?"

"నెల. మహా అంటే రెండు నెలలు. ఎన్నాళ్లుంటుందని కాదు, ఎట్లా ఉంటుందని అడగండి."

"ఎట్లుంటాది?"

"ఇప్పుడున్నదాని కంటే ఘోరంగా."

ఇక చేయగలిగింది ఒకటే ఉందని ఆమే చెప్పింది. మొదట మత్తు సూది, అది పడ్డాక కుక్క నిద్రపోతుంది. తర్వాత రెండో సూది, దాంతో గుండె ఆగిపోతుంది. నొప్పి తెలియదు. "అయితే ఇప్పుడే వేసెయ్ మా," అన్నాను. ఆమె కర్రోడి చెవి వెనక గోకింది. ఎక్స్‌రే కోసం కాచుకున్న గంటలో నేను మా ఇంటి రామాయణమంతా ఆమె ముందు ఒలకబోసి ఉన్నాను. అదే నా కొంప ముంచింది.

"మీ బావగారు కూడా దీన్ని తనదే అంటాడు కదా?"

"అంటాడేమో."

"పోయినేడు పులివెందుల్లో ఒకింటికి పోయి ఇట్లాగే చేసొచ్చాను. అన్న సంతకం పెట్టాడు. మర్నాడు తమ్ముడు స్టేషనుకు పోయి నా కుక్కను చంపిందని నా మీద రాసిచ్చాడు. నెల రోజులు తిరిగాను. ఇప్పుడు నాది ఒకటే మాట. కుక్క మాదనేవాళ్లు ఎంతమంది ఉంటే అంతమందీ సంతకం పెట్టాలి. లేదా మాది కాదనైనా చెప్పాలి."

ఒక ఫారం ఇచ్చింది. నొప్పికి మాత్రలు ఇచ్చింది. మళ్లీ ఇంత దూరం ఆటోలో తిప్పవద్దని, సంతకాలు అయ్యాక ఫోను చేస్తే తనే ఆదివారం ఇంటికి వస్తానని చెప్పింది.

"తెలిసిన చోట, తెలిసిన మనుషుల మధ్య పోనివ్వండమ్మా. భయపడకుండా పోతుంది," అంది.

రెండు సంతకాలే కదా అనుకుంటూ ఇంటికొచ్చాను. నా తెలివి అంతవరకే.

మర్నాడు మధ్యాహ్నం నా మొగుడు సంగటి తిని చెయ్యి కడుక్కున్నాక ఫారం ముందు పెట్టాను. ఆయన చేత కాలువ తవ్వించొచ్చు, ఎండలో చీనీకాయ కోయించొచ్చు. ఒక నిర్ణయం మాత్రం చేయించలేం. కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. 'యజమానుల పేర్లు, ఇంటి నంబరు, సంతకాలు' అని ఉన్న చోట వేలు ఆగిపోయింది.

"ఇంటి నంబరు ఎందుకంట?"

"కుక్క యాడుండాదో రాయల్ల కదా."

"ఆయనా నేనూ ఒకే నంబరు కింద పెట్టల్లనా సంతకం?"

"ఇంటికి ఒకటే నంబరుండాది. గోడ కట్టుకున్నారు గానీ నంబరు పంచుకోలేదు గదా మీరు."

జేబులోంచి ఫోను తీసి జమ్మలమడుగులో మా వకీలు శేషాచలంగారికి చేశాడు. స్పీకరు పెట్టాడు. కేసు మొదలైనప్పటి నుంచి బోరు మోటారు కాలిపోయినా ఆయనకే ఫోను. శేషాచలంగారు ఫారంలో ఉన్నదంతా ఒకటికి రెండుసార్లు చదివించుకుని గొంతు సవరించుకున్నారు.

"రాజశేఖరూ, అన్నదమ్ములిద్దరూ ఒకే కాగితం మీద, ఒకే ఇంటి నంబరు కింద, మేం యజమానులం అని సంతకం పెడితే రేపు అవతలి వకీలు ఏమంటాడు? వీళ్లు ఉమ్మడిగానే ఉన్నారు, పంపకమే జరగలేదంటాడు. అప్పుడు చీనీ తోట మళ్లా మొదటికొస్తుంది."

నేను ఫోను దగ్గరికి వంగి, "సార్, అది కుక్క సార్," అన్నాను.

"కుక్కయినా ఏనుగైనా కోర్టుకు కాగితం కాగితమేనమ్మా," అన్నారాయన.

నా మొగుడు ఫోను పెట్టేసి, "ఇన్నావా?" అన్నాడు. తను గెలిచినట్టు అన్నాడు. బయట రేకుల కింద కర్రోడు మళ్లీ ఏడుపు ఎత్తుకుంది. ఆయన లేచి తలుపు దగ్గరికి వేశాడు.

ఇక ఆయన్ని వదిలి బావ దగ్గరికి పోయాను. పెద్దవాడు ముందు పెడితే చిన్నవాడు పెట్టక చస్తాడా అని నా లెక్క. వీధి చుట్టి వాళ్ల గడప ఎక్కాను. తోడికోడలు పెంచలమ్మ వసారాలో కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తోంది. ఇరవై ఏళ్లు ఒకే పొయ్యి దగ్గర వండినవాళ్లం.

"ఏంది, దోవ తప్పినావా?" అంది తల ఎత్తకుండా.

"బావతో పనుండాది అక్కా."

కూర్చోమని అనలేదు. బావ నులక మంచం మీద నుంచి లేచి, కళ్లద్దాలు పెట్టుకుని ఫారం చదివాడు. కర్రోడిని గొర్రెలోళ్ల దగ్గర నుంచి పంచెలో చుట్టి తెచ్చింది ఆయనే, తొమ్మిదేళ్ల కిందట. అందుకే ఈయన దగ్గర పని అవుతుందని నాకు గట్టి నమ్మకం.

"వాన్ని చంపేదానికి నా సంతకం గావల్లనా?"

"చంపేదానికి గాదు బావా. బాద తీర్చేదానికి. పగలూ రాత్రీ అరుస్తాంది, నీకూ ఇనపడతాంది గదా."

"నీ బాద తీరల్ల మా నీకు. దాని బాద గాదు."

ఆ మాటకు నాకు చుర్రుమంది. అందులో సగం నిజం ఉంది కాబట్టి ఎక్కువ మండింది. పెంచలమ్మ చేటలో కాయలు అటూ ఇటూ చెరిగి, "కాలబైరవుని వాహనం అది. చంపినోళ్లకు ఏడు జన్మలు తగులుకుంటాది. మీ ఇంట్లో పండుకోనుండాది, మీరే చంపుకోండి. మా పేరు తీసకరావద్దు," అంది.

"మీ పేరు వద్దనుకుంటే నేనెందుకు వస్తా అక్కా, ఈ గడపలోకి?"

బావ కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. "ఇది ఏంది, ఇంటి నంబరు? మీ వకీలు పెట్టమన్నాడా?"

"డాక్టరమ్మ ఫారం బావా. అచ్చేసింది ఉండాది సూడు."

"అచ్చు ఎవురైనా ఏపిస్తారు. ఈ ఫారం మా వకీలుకు చూపీకుండా నేను ముట్టుకోను."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వస్తూ వస్తూ వాళ్ల గుమ్మంలో నిలబడి ఇద్దరినీ నోటికొచ్చినట్టు అన్నాను. ఏమన్నానో ఇక్కడ రాయను, వాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు.

తర్వాత నెల రోజులు ఎలా గడిచాయో నాకే తెలియాలి. మాత్రలు పెరుగన్నంలో నలిపి పెట్టేదాన్ని. మొదట్లో మాత్ర వేసిన నాలుగు గంటలు నిద్రపోయేది, తర్వాత రెండు గంటలు, తర్వాత మాత్రకూ ఏడుపుకూ సంబంధం లేకుండా పోయింది. ఎండ ముదిరి రేకులు కాలిపోతుంటే గోనెసంచి తడిపి కప్పేదాన్ని. ఒక్కోసారి పక్కనే కూర్చుండిపోయేదాన్ని. అది గడ్డం తెచ్చి నా పాదం మీద పెట్టేది. వేడిగా, బరువుగా ఉండేది. కాలు తీసేసుకోవాలనిపించేది, తీసుకోలేదు. ఎప్పుడు మొదలైందో చెప్పలేను గానీ, చెవులు పోతున్నాయన్న విసుగు పోయి, దీనికి ఇంకో రోజు ఇలా గడవకూడదన్న పట్టుదల వచ్చింది నాకు. అది ప్రేమో కాదో మీరే అనుకోండి.

రోహిణి కార్తె వచ్చిన రెండో రోజు నీళ్లకు లేవబోయింది. వాచిన కాలు మీద బరువు పడి ఎముక విరిగింది. ఆ చప్పుడు వంటింట్లో ఉన్న నాకు వినిపించింది. కట్టెపుల్ల విరిగినట్టే ఉంది. ఆ తర్వాత అరిచిన అరుపుకు వీధిలో వాళ్లు వచ్చారు. ఇంత అన్నంలో మందు కలిపి పెడితే పోయేదానికి ఈ బాధంతా ఎందుకని ఒకరన్నారు, ఆ మాట నిజమేనని ఇంకొకరన్నారు. అన్నవాళ్లంతా ఎవరిళ్లకు వాళ్లు పోయారు.

మర్నాడు పొద్దున వాకిలి ఊడుద్దామని తలుపు తీస్తే గడప పక్కన పురుగుల మందు డబ్బా ఉంది. తోటలో చెట్లకు కొట్టేది. నా మొగుడు చెప్పులు వేసుకుంటూ నా మొహం చూడకుండా, "నా చేత్తో పెట్టలేను. నువ్వే పెట్టు," అన్నాడు.

ఆ మందు తాగిన మేకను నేను చూశాను. మా చిన్నాన్న వాళ్ల కొట్టంలో, పెళ్లికి ముందు. చచ్చేదాకా పొద్దంతా పట్టింది.

"సంతకం పెట్టేదానికి చెయ్యి రాదు నీకు," అన్నాను. "పెండ్లాం చేత ఇసం పెట్టించేదానికి మాత్రం వస్తాది."

"అరవాకు."

"అరుస్తా. అదీ అరుస్తాంది, నేనూ అరుస్తా."

నా గొంతు విని గోడవతల నుంచి బావ లేచాడు. రెండేళ్ల తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకోవడం ఆ పొద్దునే. గోడకు ఇటొకరు, అటొకరు.

"పొద్దన్నే ఏంది ఆ గోల. మీ కుక్క నోరు మూయించండి ముందు."

"నా కుక్క యాడిది? తెచ్చింది నువ్వు."

"తెచ్చింది తొమ్మిదేండ్ల కింద. ఇప్పుడు నీ ఇంట్లో ఉండాది, నీ కూడు తింటాంది."

"కాలు బాగున్నన్నాళ్లు ఎవురింట్లో తినింది? దాంతో నాకేం సంబందం లేదు. నీది."

"నాకసలే లేదు. నీదే."

చీపురు చేతిలో అలాగే ఉంది నాకు. లేదా మాది కాదనైనా చెప్పాలి, అన్న డాక్టరమ్మ మాట అప్పుడు అర్థమైంది. ఇద్దరి చేత ఒక కాగితం మీద నాదనిపించడం బ్రహ్మతరం కాదు. నాది కాదనిపించడం ఇంత తేలికా?

పాత క్యాలెండరు పేజీ రెండుగా చింపి తెచ్చాను. "సంబందం లేదంటివి గదా. ఆ మాటే రాసియ్యి," అన్నాను నా మొగుడితో. ఆయనకు అనుమానం కూడా రాలేదు. కోర్టు భాష రెండేళ్లుగా వంటబట్టించుకున్న మనిషి, నిలబడే రాశాడు: 'సదరు నల్ల కుక్కపై నాకు ఎటువంటి హక్కు గానీ సంబంధము గానీ లేదని, మున్ముందు కూడా ఉండబోదని ఇందుమూలముగా తెలియజేయడమైనది.' తేదీ వేసి సంతకం పెట్టాడు. దాన్ని తీసుకుని వీధి చుట్టి బావ దగ్గరికి పోయాను. తమ్ముడు రాసింది చదివి ఆయన అంతకంటే రెండు వాక్యాలు ఎక్కువ రాశాడు. సాక్షిగా పెంచలమ్మ కూడా సంతకం చేసింది. కుక్కను అవతలివాడి మీదికి తోసేశామనుకుని అన్నదమ్ములిద్దరూ ఆ రోజు సంతోషంగా భోంచేసి ఉంటారు. మధ్యలో నేనొకదాన్ని ఉన్నానని ఇద్దరికీ తట్టలేదు.

ఆ సాయంత్రమే ఫరహత్‌కు ఫోను చేశాను.

ఆదివారం తెల్లవారకముందే నా మొగుడు బండెక్కి తోటకు పోయాడు. ఫరహత్ ఎనిమిదింటికి తనే కారు నడుపుకుంటూ వచ్చింది. గేటు బయట కారు ఆపి, లోపలికొచ్చి, రేకుల కింద కర్రోడి విరిగిన కాలు వంగి చూసింది. తర్వాత కాగితాలు అడిగింది. రెండూ రెండుసార్లు చదివింది.

"ఇద్దరూ వాళ్లది కాదన్నారు. మరి యజమాని ఎవరమ్మా?"

"నేను."

"మీ మీదికి రారు కదా రేపు?"

"వస్తే నా మీదికి వస్తారు. నీ మీదికి రారు."

ఫారం కారు బానెట్ మీద పెట్టి సంతకం చేశాను. పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఏదైనా నాది అని రాసి సంతకం పెట్టడం అదే మొదటిసారి. అక్షరాలు వంకర పోయాయి.

గేటు గడియ వేసి లోపలికొచ్చాను. దుప్పటి పరిచి, తల నా ఒడిలోకి తీసుకున్నాను. ఫరహత్ వెనక కాలుకు మొదటి సూది వేసింది. పది నిమిషాలు పడుతుందని, మాట్లాడుతూ ఉంటే దానికి వినపడుతూ ఉంటుందని చెప్పింది. కుక్కతో ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. సంగటి తింటావా, పెరుగు పోయనా అని అడుగుతూ కూర్చున్నాను. ఎన్నో వారాల తర్వాత అది ఏడవకుండా పడుకుని ఉంది. ఊపిరి నెమ్మదైంది.

అప్పుడు గేటు చప్పుడైంది.

బావ. బనీను మీద తువ్వాలు వేసుకుని, చెప్పుల్లేకుండా వచ్చాడు. కారు చూసి ఉంటాడు.

"హేమమ్మా. గేటు తియ్."

"ఏంది బావా?"

"ఒగసారి చూసి పోతా."

"ఏం చూస్తావు?"

"వాన్ని."

"నీకూ వానికీ ఏం సంబందం లేదని రాసిచ్చినావు గదా. అక్క సాచ్చి సంతకం గుడక పెట్టింది."

ఆయన ఊచలు పట్టుకున్నాడు. "అది కోర్టు కోసరం రాసింది మా."

"ఇది కోర్టు గాదు. నా ఇల్లు."

"ఏలంత పిల్లప్పుడు దూదితో పాలు పట్టినాను. తియ్యి మా."

"ఆ ముక్క కాగితంలో రాయలేదే నువ్వు."

నా నోట్లో ఆ మాటలు ఎంత తియ్యగా ఉన్నాయో నాకే తెలుసు. రెండేళ్లుగా వాళ్లు ఒకరి మీద ఒకరు వాడిన మాటలే అవి, నాకు ఒక్కసారి వాడే వంతు వచ్చింది. ఫరహత్ సూదిలోకి మందు ఎక్కిస్తూ గేటు వైపు చూసి, నా వైపు చూసింది.

"రానివ్వండమ్మా. పెంచిన మనిషి కదా. నిమిషం ఆగుతాను, ఏం కాదు."

"ఓనరు నేను," అన్నాను. "ఎయ్యి మా."

ఆమె రెండో సూది వేసింది. గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, అయిపోయిందమ్మా, అంది. నా ఒడిలో బరువు ఏమీ మారలేదు. చీమ కుట్టినంత కూడా నొప్పి లేకుండా పోయింది, అందుకు నేను ఎవరికైనా ప్రమాణం చేసి చెప్పగలను. తల తిప్పి చూస్తే గేటు దగ్గర బావ లేడు.

పదకొండుకు నా మొగుడు తోట నుంచి వచ్చాడు. వెనకే బావ. ఎవరు ఎవరిని పిలిచారో తెలియదు. ఇద్దరూ నాతో ఒక్క మాట అనకుండా కర్రోడిని నులక మంచం మీద పెట్టి, చెరొక వైపు పట్టుకుని తోటకు బయల్దేరారు. తీర్పు వచ్చేదాకా చెట్లకు నీళ్లు పెట్టి మందు కొట్టడం తప్ప ఎవరూ పార కూడా వెయ్యకూడదని కోర్టు చెప్పిన తోట అది. నేను చెప్పులు వేసుకుని వెంట పోబోయాను.

"నువ్వు రావాకు," అన్నాడు నా మొగుడు.

ఆ గుంత దగ్గర అన్నదమ్ములు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. సాయంత్రం ఇద్దరూ కలిసి మట్టికాళ్లతో వచ్చి పెంచలమ్మ చేతి కాఫీ తాగారు. మృగశిర వచ్చేలోగా పెద్దమనుషుల ముందు కూర్చుని కేసు తీసేసుకున్నారు. శేషాచలంగారు నొచ్చుకున్నారని విన్నాను. గోడకు మధ్యలో తలుపు పెట్టించారు. ఇప్పుడు బావ మా వసారాలో కూర్చుని నా మొగుడితో చీనీ ధర గురించి మాట్లాడతాడు. నేను మంచినీళ్లు తెచ్చి ఇస్తే నా చేతిలోంచి అందుకోడు, కింద పెట్టమంటాడు. పెంచలమ్మ పెళ్లిళ్లలో, పేరంటాలలో నన్ను చూపించి కుక్కను చంపించిన మనిషని చెబుతుంది. నా మొగుడు కూడు పెట్టమనీ బట్టలు ఉతకమనీ తప్ప ఇంకో మాట మాట్లాడడు. కుక్క తమదని ఇద్దరూ ఇప్పుడు ఊరంతా చెప్పుకుంటారు. ఇద్దరికీ కలవడానికి ఒక శత్రువు కావలసి వచ్చింది, నేను దొరికాను.

చేసిన పనికి నాకు చింత లేదు. రేపు ఇంకో కుక్కకు ఆ జబ్బు వచ్చినా ఇదే చేస్తాను. ఇంకో నలుగురి చేత నాది కాదని రాయించుకొచ్చైనా చేస్తాను. వాళ్లు నన్ను తిట్టే తిట్లలో ఒక్కటి కూడా నాకు తగలదు.

ఒక్క సంగతి మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మొదటి సూది పడి కళ్లు మూతలు పడుతున్నప్పుడు గేటు దగ్గర బావ గొంతు వినపడింది కదా, అప్పుడు కర్రోడి చెవి లేచింది. లేవడానికి చూశాడు, చేత కాలేదు. తోకతో నేల మీద రెండుసార్లు కొట్టాడు. ఫరహత్ సీసా చూసుకుంటోంది, ఆమెకు తెలియదు. గేటు దగ్గరి నుంచి బావకు నా వీపే తప్ప ఏమీ కనపడదు. చూసింది నేనొక్కదాన్నే. చూసిన తర్వాతే ఓనరు నేనన్నాను.